మేదినీపూర్ ఎర్రనేల మీద రన్‌వేలు

ఖరగ్‌పూర్‌లో టాటానగర్ ప్యాసింజరు ఎక్కితే నింపురా యార్డు దాటేదాకా ఎటు చూసినా పట్టాలే. ఆ తర్వాత నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. గుగ్గిలం చెట్లు మొదలవుతాయి. కలైకుండా స్టేషనులో బండి కాసేపు ఆగింది. విస్తళ్ల కట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు సంతాల్ ఆడవాళ్లు ఎక్కుతుండగా చెట్ల మీదుగా ఒక జెట్ విమానం దూసుకుపోయింది. అది కనుమరుగవుతుండగా చప్పుడు వచ్చింది. కిటికీ చువ్వ నా చేతిలో అదిరింది. బోగీలో ఎవరూ తలెత్తి చూడలేదు. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరప ముక్కలు కలుపుతున్న కుర్రాడి చెయ్యి ఆగనైనా ఆగలేదు.

కలైకుండా ఇవాళ భారత వైమానిక దళానికి తూర్పున ఉన్న ముఖ్యమైన స్థావరాల్లో ఒకటి. యువ పైలట్లు హాక్ విమానాల మీద యుద్ధ విన్యాసాలు నేర్చుకునేది ఇక్కడే. ఈ స్థావరం పుట్టింది మాత్రం మన అవసరం కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖరగ్‌పూర్ జంక్షన్ చుట్టూ, రైలు మార్గాలను ఆనుకుని, వరుసగా ఎయిర్‌ఫీల్డులు లేచాయి: సలువా, కలైకుండా, దుధ్‌కుండి, చాకులియా, పియార్డోబా, చర్రా. వాటిలో కొన్నింటి మీద నుంచే అమెరికా తన కొత్త బాంబరు బి-29తో జపాన్‌ను కొట్టడం మొదలుపెట్టింది. యుద్ధం అయిపోయింది, అమెరికన్లు వెళ్లిపోయారు. కొన్ని రన్‌వేల మీద గడ్డి మొలిచింది, కొన్ని ముళ్లకంచె లోపల ఉండిపోయాయి.

మా ఉత్తరాంధ్ర వాళ్లకు ఖరగ్‌పూర్ అంటే రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇక్కడికి వచ్చి వర్క్‌షాపులోనూ, యార్డుల్లోనూ చేరాయి. 1920ల చివర ఇక్కడి కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల నాయకుల్లో ఒకరు బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి. ఇప్పటికీ గోల్‌బజార్‌లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించడానికి కారణం కూడా ఈ ఊరి జనాభానే. నేను మాత్రం ఈసారి రైల్వే కోసం రాలేదు. ఆ రన్‌వేల కోసం వచ్చాను. అంతకన్నా ముఖ్యంగా, వాటిని వేసిన వాళ్ల జాడ కోసం వచ్చాను.

చాకులియా ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. స్టేషను బయట రైసు మిల్లులు, సైకిళ్ల మీద వెదురు మోపులు. ఎయిర్‌ఫీల్డు ఎటని అడిగితే ఎవరైనా చెబుతారు. ఊరి చివర పొదలు దాటితే ఎదురుగా తెరుచుకునే వెడల్పు చూసి మొదట అడుగు ముందుకు పడదు. పచ్చిక, ముళ్ల మొక్కలు పగుళ్లలోంచి లేచినా, ఎనభై ఏళ్ల కిందటి కాంక్రీటు ఇంకా గట్టిగానే ఉంది. ఒక కొస నుంచి రెండో కొస ఎండలో మసకగా ఉంది. మేకలు మేస్తున్నాయి. ఒక తండ్రి కొడుక్కి మోటారుసైకిలు నేర్పుతున్నాడు. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు.

1944 ఏప్రిల్ 2న భారతదేశంలో మొదటి బి-29 దిగింది ఈ రన్‌వే మీదే. అప్పటికి అంత పెద్ద బాంబరును ప్రపంచంలో ఏ దేశమూ వాడకంలోకి తేలేదు. రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 141 అడుగులు. బాంబులు, పెట్రోలు నింపితే అరవై టన్నుల బరువు. మామూలు బాంబర్లకు వేసిన రన్‌వే దానికి చాలదు. ఏడున్నర వేల అడుగుల దాకా పొడిగించాల్సి వచ్చింది. నడిచి చూస్తే ఆ పొడవు కాళ్లకు అర్థమవుతుంది. నేను ఆ కొసకు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అదీ చలికాలం వెళ్లీ వెళ్లని రోజుల్లో.

బి-29లు దిగింది ఏప్రిల్‌లో. ఇక్కడి ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎలా ఉంటుందో రాయలసీమ వాళ్లకూ ఖమ్మం వాళ్లకూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం విమానం రేకు మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేది. అందుకని మెకానిక్‌లు తెల్లవారుజామునా, రాత్రిపూటా దీపాల వెలుగులో పనిచేసేవారు. యంత్రమూ కొత్తదే, పరీక్షలు పూర్తికాకుండానే యుద్ధానికి తోలేశారు. ఒక్కొక్కటి 2,200 హార్స్‌పవర్ ఉన్న నాలుగు రైట్ ఇంజన్లు. అవి వేడెక్కి మంటలంటుకునేవి. ఇంజను భాగాల్లో మెగ్నీషియం ఉండటంతో ఒకసారి అంటుకున్న మంటను ఆర్పడం దాదాపు అసాధ్యం. ఇండియాకు వచ్చే దారిలోనే, ఆ ఏప్రిల్ మూడో వారంలో కరాచీ దగ్గర వరుసగా ప్రమాదాలు జరిగితే కొన్నాళ్లు మొత్తం విమానాలను నేల మీదే ఆపేశారు.

ఇంత దూరం ఎందుకు రావాలి? అప్పటికి పసిఫిక్‌లో జపాన్‌కు అందే దూరంలో ఉన్న దీవులు అమెరికా చేతికి రాలేదు. అందుబాటులో ఉన్నది చైనా లోపలి చెంగ్డూ ఒక్కటే. అక్కడ లక్షల మంది చైనా రైతులు రాళ్లు చేత్తో కొట్టి, రోలర్లు తాళ్లతో లాగి రన్‌వేలు వేశారు. చెంగ్డూకు దారి లేదు. రేవులు జపాన్ చేతిలో, బర్మా రోడ్డు జపాన్ చేతిలో. కాబట్టి విమానాలు ఉండేది బెంగాల్‌లో. అక్కడి నుంచి పన్నెండు వందల మైళ్లు, హిమాలయాల తూర్పు కొస మీదుగా ఎగిరి చెంగ్డూ చేరి, మళ్లీ పెట్రోలు పోసుకుని జపాన్ వెళ్లాలి. ఆ పెట్రోలు కూడా ఇక్కడి నుంచే మోయాలి. కలకత్తా దిగువన బజ్‌బజ్ రేవులో ఓడల నుంచి దిగిన పెట్రోలు గొట్టాల్లో ఈ అడవుల్లోకి వచ్చేది. ఇక్కడి నుంచి విమానాల పొట్టల్లో కొండలు దాటేది. ఒక్క బి-29 జపాన్ మీద ఒక్కసారి బాంబులు వేయడానికి ముందు ఆరేడు సార్లు ఆ కొండలు దాటి సామాన్లు చేరవేయాల్సి వచ్చేది. ఈ పథకానికి పెట్టిన పేరు ఆపరేషన్ మాటర్‌హార్న్. అది స్విట్జర్లాండులోని ఒక మంచుకొండ పేరు.

మొదటి దాడి 1944 జూన్ 5న, బ్యాంకాక్‌లోని మకాసాన్ రైల్వే షెడ్ల మీద. 98 విమానాలు లేచాయి. శత్రువు ఒక్కదాన్నీ పడగొట్టలేదు. అయినా దారిలోనూ దిగేటప్పుడూ జరిగిన ప్రమాదాల్లో ఐదు పోయాయి. పది రోజులకు చెంగ్డూ నుంచి లేచిన విమానాల్లో 47 జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారాన్ని చేరి రాత్రిపూట బాంబులు వేశాయి. 1942 ఏప్రిల్‌లో డూలిటిల్ దాడి తర్వాత జపాన్ ప్రధాన దీవుల మీద బాంబులు పడటం అదే మొదలు. అమెరికా పత్రికలు పండగ చేసుకున్నాయి. తర్వాత ఫొటోలు తీసి చూస్తే కర్మాగారంలో తగిలింది ఒక్క బాంబు.

ఈ లెక్కలన్నీ అమెరికన్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ విమానం ఏ రోజు ఎన్ని గంటలకు లేచిందో, అందులో ఎవరెవరున్నారో, ఎవరు తిరిగి రాలేదో, అన్నీ రాసి పెట్టుకున్నారు. అది వాళ్లు తమ మనుషులకు ఇచ్చిన గౌరవం, మనం నేర్చుకోవలసింది. చాకులియా రన్‌వే మీద నిలబడి నేను ఆలోచించింది కాంక్రీటు కింద పరిచిన ఎర్రకంకర గురించి. దాన్ని తవ్వింది ఎవరు, తట్టల్లో మోసింది ఎవరు? అమెరికా ఇంజనీరింగ్ బెటాలియన్ల దగ్గర బుల్‌డోజర్లు, రోలర్లు ఉండేవి. అవి ఆలస్యంగా వచ్చాయి, చాలినన్ని రాలేదు. మిగతా పనంతా ఇక్కడి కూలీలది. ఆనాటి ఫొటోల్లో వాళ్లు కనిపిస్తారు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, తట్టలు నెత్తిన పెట్టుకుని, వరుసగా నడుస్తున్న ఆడవాళ్లు. ఫొటో కింద ‘స్థానిక కార్మికులు’ అని మాత్రం ఉంటుంది.

ఆ స్థానిక కార్మికులు ఆ ఏడాది ఏ స్థితిలో ఉన్నారో తెలుసుకోకుండా ఈ రన్‌వేల చరిత్ర చెప్పకూడదని నా నమ్మకం.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్లు ఖాళీ చేసి జనం లోపలికి పారిపోయారు. బెంగాల్ తీరంలో ప్రభుత్వం మరో భయంతో పనిచేసింది. జపాన్ వాళ్లు దిగితే వాళ్లకు దక్కకూడదని పడవలు స్వాధీనం చేసుకుంది, నాశనం చేసింది, జిల్లాల్లో మిగులు బియ్యం తరలించింది. పడవ పోతే చేపలవాడి బతుకు పోయింది, ధాన్యం సంతకు చేరే దారి పోయింది. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా. మేదినీపూర్ జిల్లా భగ్గుమంది. సెప్టెంబరు 29న తమ్లుక్‌లో జెండా పట్టుకుని నడుస్తున్న డెబ్బై ఏళ్లు దాటిన మాతంగినీ హజ్రాను పోలీసులు కాల్చి చంపారు. అక్టోబరు 16న సముద్రం మీద నుంచి తుఫాను వచ్చి జిల్లా దక్షిణ భాగాన్ని తుడిచిపెట్టింది. పద్నాలుగు వేల మందికి పైగా చనిపోయారు, దాదాపు రెండు లక్షల పశువులు పోయాయి. తిరుగుబాటు చేసిన జిల్లా కదా అని సాయం చేయడంలో అధికారులు చేసిన జాప్యం ఆనాడే పెద్ద వివాదమైంది. మరుసటి ఏడాది కరువు. బెంగాల్ మొత్తం మీద సుమారు ముప్పై లక్షల మంది ఆకలితో, ఆ తర్వాత వచ్చిన జ్వరాలతో పోయారని చరిత్రకారుల అంచనా.

ఆ కరువు ఇంకా పూర్తిగా తగ్గకముందే, 1943-44 చలికాలంలో, ఈ జిల్లాలో రన్‌వేలు పొడిగించే పని ఊపందుకుంది.

ఖరగ్‌పూర్‌కు తిరిగి వచ్చిన సాయంత్రం రైల్వే క్వార్టర్ల మధ్య అమ్మవారి గుడి దగ్గర ఒక పెద్దాయన కలిశారు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల తాత బారువ దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట.

“ఏటి బాబూ, ఆ పాడుబడ్డ రన్‌వేలు సూడ్డానికి విశాపట్నం నుంచొచ్చేరా?” అన్నారు నవ్వుతూ. కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఎయిర్‌ఫీల్డుల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. కరువు గురించి తల్లి చెప్పిన మాటలు మాత్రం మరిచిపోలేదు.

“మా నాన్న ఫిట్టరండి. యుద్ధంలో రైల్వేవోళ్లకి గ్రెయిన్ షాపు ఉండీదట. బియ్యం, పప్పు, నూని అన్నీ అక్కడే. అంచేత మా ఇళ్లల్లో పొయ్యి వెలిగింది. మా అమ్మ చెప్పీది, గంజి వార్చీ వేళకి పెరటి గుమ్మం కాడ గిన్నెలు పట్టుకుని నిలబడీవోరట. బియ్యం అడిగీవోరు కాదట బాబూ. గంజి నీళ్లే అడిగీవోరట.”

“మీ అమ్మగారు పోసేవారా?”

“పోసీది. ఎంతమందికని పోస్తాది?”

రైళ్లు ఆగితే యుద్ధం ఆగుతుంది. అందుకే రైల్వే కార్మికుడికి తిండి పెట్టారు. మిల్లు కార్మికుడికీ పెట్టారు. పొలం మీద బతికేవాడికి పెట్టలేదు. మన తెలుగు కుటుంబాలు ఆ కరువును గోడకు లోపలి వైపు నుంచి చూశాయి. ఆ పెద్దాయన తల్లికి అది తెలుసు. అందుకే జీవితమంతా ఆ మాట చెబుతూ వచ్చింది. గోడకు బయటివైపు ఉన్నవాళ్లకు ఎయిర్‌ఫీల్డులో తట్ట మోసే పని రోజుకూలీ, అంటే ఆ పూట అన్నం. రన్‌వేలు అంత త్వరగా ఎలా లేచాయో అర్థం చేసుకోవడానికి బుల్‌డోజర్ల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. ఆకలి కూడా అక్కడ పనిచేసింది.

మర్నాడు హిజ్లీ వెళ్లాను. ఖరగ్‌పూర్ ఐఐటీ గేటు లోపల చెట్ల నీడలో పొడవాటి వరండాలతో, మధ్యలో ఎత్తయిన గోపురంతో నిలబడి ఉన్న పాత భవనం అది. హిజ్లీని వేరే జిల్లా చేద్దామని ఇంగ్లీషువాళ్లు కచేరీ కోసం కట్టించారు. జిల్లా రాలేదు. 1930లో దాన్ని నిర్బంధ శిబిరం చేశారు. విచారణ లేకుండా పట్టుకున్న విప్లవకారులను ఇక్కడ పెట్టారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. మృతదేహాలను తీసుకువెళ్లడానికి సుభాష్ బోస్ వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో ఆరోగ్యం బాగాలేకున్నా రవీంద్రుడు మాట్లాడారు.

1942లో శిబిరం మూసేశారు. ఖాళీ అయిన ఆ భవనంలోకి 1944లో వచ్చి కూర్చున్నది అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం. మొదట కెన్నెత్ వూల్ఫ్, ఆగస్టు చివరి నుంచి కర్టిస్ లీమే ఇక్కడి నుంచే దాడులు నడిపారు. లీమేకు అప్పటికి నలభై కూడా నిండలేదు. యూరప్‌లో జర్మనీ మీద బాంబర్లు నడిపి వచ్చినవాడు. విమానాలు ఏ వరుసలో ఎగరాలో, గురి ఎలా చూడాలో మళ్లీ మొదటి నుంచి నేర్పించాడు. 1944 డిసెంబరు 18న ఆయన విమానాలు చైనాలోని హాన్కౌ మీద నిప్పుబాంబులు కురిపించాయి. రేవు, గోదాములు, ఇళ్లు రోజుల తరబడి తగలబడ్డాయి. జనవరిలో లీమే, ఆలోగా అమెరికా చేతికొచ్చిన పసిఫిక్‌లోని మరియానా దీవులకు మారాడు. మార్చి 9-10 రాత్రి టోక్యో మీద అదే పద్ధతి, అనేక రెట్లు పెద్దఎత్తున. ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది కాలిపోయారు. టోక్యోను కాల్చిన పద్ధతికి ఒక మెట్టు ఈ వరండాల్లో పడింది. యుద్ధం మొదలుపెట్టింది జపాన్. ఆసియాలో అది చేసిన దారుణాలు మరిచిపోదగ్గవి కావు. అయినా పాఠశాల పిల్లలు, ముసలివాళ్లు ఉన్న చెక్క ఇళ్ల మీద నిప్పు పోయడాన్ని ఏ లెక్కతోనూ నేను సమర్థించలేను.

యుద్ధం తర్వాత ఇదే భవనంలో 1951లో దేశంలోని మొదటి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడు ఇక్కడ నెహ్రూ పేరు మీద సైన్సు మ్యూజియం ఉంది, అమరుల పేర్లూ ఉన్నాయి. నేను వెళ్లిన రోజు తెలుగు విద్యార్థులు కొందరు వరండా మెట్ల మీద కూర్చుని ఏదో పరీక్ష గురించి వాదించుకుంటున్నారు. కాల్పుల సంగతి వాళ్లందరికీ తెలుసు. ఇక్కడి నుంచి బి-29లను నడిపారన్నది ఒక్కడికే తెలుసు, వాడు మాత్రం నాకంటే బాగా చెప్పాడు. సలువా ఎలా వెళ్లాలో కూడా వాడే చెప్పాడు.

సలువా ఐఐటీ నుంచి దూరం కాదు. ఇప్పుడది ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం ఉండే ఊరు. ఎక్కువగా నేపాలీ కుటుంబాలు. ఇళ్ల ముందు బంతిపూలు, ప్రార్థనా జెండాలు, కొట్లలో మోమోలు. 1944లో ఇక్కడ 468వ బాంబర్ గ్రూపు ఉండేది. నవంబరు 5న ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేల నుంచి లేచిన బి-29లు చైనా వెళ్లకుండా నేరుగా బంగాళాఖాతం దాటి సింగపూర్ వెళ్లాయి. రానూ పోనూ నాలుగు వేల మైళ్లకు దగ్గర. అప్పట్లో అంత దూరం వెళ్లి బాంబు వేసి వెనక్కి రావడం ఊహకు అందని పని. జపాన్ నౌకలు మరమ్మతు చేసుకునే కింగ్ జార్జ్ డాకును గురి చూసి కొట్టారు. బాంబు డాకు తలుపు దగ్గర పడి, నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. నెలల తరబడి ఆ డాకు పనికిరాకుండా పోయింది. లోపల పనిచేస్తున్న స్థానిక కార్మికులు పదుల సంఖ్యలో చనిపోయారు. సలువా గ్రూపు కమాండరు కర్నల్ ఫాక్నర్ కూడా ఆ దాడి నుంచి తిరిగి రాలేదు. కమాండరు పేరు దొరికింది. డాకు అడుగున పోయినవాళ్లది సంఖ్య కూడా స్పష్టంగా దొరకదు.

1945 మార్చి ఆఖరుకు ఇక్కడి నుంచి చివరి దాడి జరిగింది. మరియానా దీవులు చేతికొచ్చాక బెంగాల్‌తో పనిలేకపోయింది. బి-29లు అక్కడి టినియన్ దీవికి తరలిపోయాయి. చాకులియా, చర్రా, పియార్డోబా అడవికి మిగిలాయి. చాకులియాకు మాత్రం మరోసారి పిలుపొచ్చింది. 1971లో బంగ్లాదేశ్ ముక్తి వాహిని యువకులకు అక్కడ శిక్షణ ఇచ్చారు.

కలైకుండాను స్వతంత్ర భారత వైమానిక దళం తీసుకుంది. ముళ్లకంచె బయట రోడ్డు మీద నుంచి కనిపించేది గేటు, నీళ్ల ట్యాంకు, చెట్లు. లోపలికి వెళ్లే పని నాకు లేదు, వెళ్లాలని అడగనూ లేదు. తెలిసిన కథ చాలు. 1965 సెప్టెంబరు 7 ఉదయం ఢాకా దగ్గర తేజ్‌గావ్ నుంచి లేచిన పాకిస్తాన్ సేబర్ జెట్లు తక్కువ ఎత్తులో వచ్చి కలైకుండా మీద పడ్డాయి. ఆరుబయట నిలిపి ఉంచిన కాన్‌బెరా, వాంపైర్ విమానాలు తగలబడ్డాయి. అదే ఉదయం రెండోసారి వచ్చేసరికి మన హంటర్లు గాలిలో ఉన్నాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మమ్‌గాయిన్ ఇద్దరే నాలుగు సేబర్లను ఎదుర్కొన్నారు. చెట్ల చిటారు కొమ్మల ఎత్తులో జరిగిన ఆ పోరులో పాకిస్తాన్ పైలట్ అఫ్జల్ ఖాన్ చనిపోయాడు. కుక్, మమ్‌గాయిన్‌లకు వీరచక్రాలు వచ్చాయి. 1971 నవంబరు 22న సరిహద్దు ఊరు బోయ్‌రా మీద పాకిస్తాన్ సేబర్లను పడగొట్టిన నాట్ విమానాలు కూడా కలైకుండాకు చెందిన 22వ స్క్వాడ్రన్‌వే. ఆ రోజు డమ్‌డమ్ నుంచి లేచాయి.

2005 నవంబరులో అమెరికా విమానాలు మళ్లీ ఇక్కడ దిగాయి, ఈసారి మనతో కలిసి విన్యాసాలు చేయడానికి. గేటు బయట వామపక్షాలు పెద్దఎత్తున నిరసన తెలిపాయి. 2007లో సింగపూర్‌తో ఒప్పందం కుదిరింది. గాలిలో తిరగడానికి చాలినంత చోటులేని దీవి అది. వాళ్ల ఎఫ్-16లు ఇక్కడికి వచ్చి మన ఆకాశంలో సాధన చేస్తాయి. సింగపూర్ డాకు మీద బాంబులు వేయడానికి బి-29లు లేచిన రన్‌వే ఇక్కడికి కొద్ది మైళ్ల దూరమే. ఆ పైలట్లకు సలువా చూపిస్తారో లేదో గాని, చూపిస్తే బాగుంటుంది.

దుధ్‌కుండి ఇప్పుడు కలైకుండా విమానాలు గురి నేర్చుకునే ఫైరింగ్ రేంజి. ఝార్‌గ్రామ్ వైపు అడవిలో ఉంది. దగ్గరి పల్లెలో టీ కొట్టు నడిపే ఆమె నా ప్రశ్నలన్నీ విని, తన అత్తగారి అత్తగారు ఎయిర్‌ఫీల్డుకు కంకర మోసిందని చెప్పింది. పేరు అడిగితే కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి భర్తను అడిగి వచ్చింది. అతనికీ తెలియలేదు. భూమి ఎవరిది పోయిందో మాత్రం ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు: అటు చెరువు గట్టు దాకా ఫలానావాళ్లది, ఇటు ఫలానావాళ్లది.

భూమి జాడ కాగితాల్లో ఉండాలి. యుద్ధకాలంలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద భూములు స్వాధీనం చేసుకున్నారు. నోటీసు, సర్వే నంబరు, పరిహారం, అన్నీ కలెక్టరు కచేరీ గుండా పోవలసిందే. అందుకని తిరుగు రైలుకు ముందు కాంసాయ్ నది వంతెన దాటి మేదినీపూర్ పట్నం వెళ్లాను. మూడేళ్లలో ముగ్గురు ఇంగ్లీషు కలెక్టర్లను విప్లవకారులు కాల్చి చంపిన ఊరు ఇది. ఆ కచేరీ ఆవరణలో ఇప్పుడు జనన ధ్రువపత్రాల కోసం, భూమి పట్టాల కోసం జనం బారులు తీరి ఉన్నారు. రికార్డు రూము గుమాస్తా నా మాట ఓపిగ్గా విన్నాడు. చాకులియా ఆనాడు బీహార్ సింగ్‌భూమ్ జిల్లాలోది కాబట్టి దాని కాగితాలు చాయిబాసాలో అడగాలని, చర్రాకు పురూలియా వెళ్లాలని చెప్పాడు. ఇక్కడివాటికి అర్జీ పెట్టమన్నాడు. అరుగు మీద కూర్చుని రాశాను: సలువా, కలైకుండా, దుధ్‌కుండి ఎయిర్‌ఫీల్డులకు 1942 నుంచి 1945 వరకు ఏయే గ్రామాల భూములు తీసుకున్నారు, ఎవరికి ఎంత పరిహారం ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, కూలీల హాజరు పట్టీలు, కాంట్రాక్టర్ల బిల్లులు ఏమైనా మిగిలి ఉన్నాయా, వాటిలో ఆడ కూలీల పేర్లు విడిగా రాశారా. చివరి ప్రశ్న దగ్గర గుమాస్తా పెన్ను పెట్టి ఆపి, పేర్లు ఏ లిపిలో కావాలని అడిగాడు. ఉన్న లిపిలోనే ఇవ్వమన్నాను.